ఊనోదరి – మధుమేహము



కోరాపుట్, రాయగడ బజారులలో మన వర్తకులు పగలంతయు గద్దెమీదనే కూర్చుందురు. బేరమునకు వచ్చినవారితో తీపి టీ సరేసరి. పరగడుపున రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములకు తగ్గలేదని రెండుమారులు చీటీ వచ్చినచో "కర్మఫలము" అని నిట్టూర్చెదరు. కర్మమును నమ్మువాడు పురుషార్థమును విడువవచ్చునా?

బాహ్యతపస్సులారింటిలో ఊనోదరి యొకటి: కడుపులో కొంత వెలితి యుండగనే విస్తరిముందునుండి లేచుట. రసపరిత్యాగము మరియొకటి: నేయి, నూనె, బెల్లము వంటివి విడుచుట. సూర్యాస్తమయమునకు ముందే భుజింతుము, నిజమే. ఆ తొందరలో జిలేబీలతో పొట్ట నింపినచో నియమము గడియారమునకే దక్కినది!

ఈ కొండలపంట చోళ్ళు. ఒడిశా ప్రభుత్వము చిరుధాన్యములకై 2017లో మిషన్ ప్రారంభించినది. మనము చోళ్ళు అమ్మి తెల్లబియ్యము తిందుము. అయినను చోళ్ళును పిండిపదార్థమే. మితముగా, పప్పుకూరలతో తినవలెను. వారమున ఐదుదినములు అరగంట వడిగా నడువవలెను, మందిరమునకు స్కూటరేల?

ముఖ్యమైనది ఉపవాసము. మధుమేహమునకు మందులు, ఇన్సులిన్ వాడువారు డాక్టరు నడుగక పర్యూషణమున అఠ్ఠాయి పట్టరాదు. మందు తమంతట మానరాదు. చెమటలు, వణకు, మాట తడబాటు కలిగినచో చక్కెర పడిపోయినదని యెరిగి, చౌవిహారమైనను తక్షణము పంచదార నీరు త్రాగవలెను. ప్రత్యాఖ్యాన పాఠమునందే సర్వసమాధి ప్రత్యయాగారమను మినహాయింపు ఇట్టి ఆపదకై యున్నది. ఇంటివారు ఆ గ్లాసు అందించుటకు జంకరాదు.