నిదానమే ప్రధానం

ఇంటర్ బైపీసీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కి, అయినా డాక్టరే కావాలనుకునే పిల్లల గురించి మన ఇళ్లలో రెండు తీర్పులు వినిపిస్తుంటాయి. ‘వాళ్ల రాత అంతే’ అన్నది మొదటిది. ‘ఒళ్లు వంచితే ఎందుకు రాదు’ అన్నది రెండోది. ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్‌లోని లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు బయలుదేరే విద్యార్థికి ఈ రెండూ తెలుసు. ఒకటి దైవాన్ని, ఇంకొకటి ప్రయత్నాన్ని నమ్ముతున్నట్టు కనిపించినా రెండింటి అడుగునా ఉన్న పొరపాటు ఒకటే. మార్కును రెండూ మనిషి స్వభావానికి కొలతగానే తీసుకుంటున్నాయి. ఒకరు ఆ స్వభావంలో తెలివి తక్కువంటారు, ఇంకొకరు బద్ధకం ఎక్కువంటారు. మార్కు ఒక ఫలం మాత్రమేనని నేనంటాను. ఫలానికి కారణాలుంటాయి, కారణాలు మారితే ఫలం మారుతుంది. ఇది ఓదార్చడానికి చెప్పే మాట కాదు. కర్మ గురించి ఈ నేల మీద జరిగిన పాత చర్చ మనల్ని చేర్చేది ఇక్కడికే.

చేసిన కర్మ మనిషిని ఎంతవరకు వెంటాడాలన్న ప్రశ్నకు ప్రవేశ పరీక్షలు కూడా తెలియకుండానే జవాబులిస్తూ వచ్చాయి. ఎంసెట్ కాలంలో ర్యాంకుకు ఎంసెట్ మార్కులు 75 శాతం, ఇంటర్ మార్కులు 25 శాతం లెక్కించేవారు. అంటే ర్యాంకులో నాలుగో వంతు మేర పాత ఫలాన్ని అనుభవించి తీరాల్సిందే. అది ప్రారబ్ధం లాంటిది. 2017 నుంచి తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకే ఆధారం. ఇంటర్ సైన్స్ సబ్జెక్టుల్లో జనరల్ అభ్యర్థులకు 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే చాలు. ఆ గడప దాటాక పాత మార్కుల ఊసుండదు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు. 25 ఏళ్ల గరిష్ఠ వయసు నిబంధననూ 2022లో ఎత్తేశారు. ఇది ప్రాయశ్చిత్తం లాంటిది. డిగ్రీ తర్వాతే వైద్యవిద్య ఉండే అమెరికాలో, అక్కడి తెలుగు పిల్లలకు ఎదురయ్యేది మూడో పద్ధతి. ఎండీ కాలేజీల ఉమ్మడి దరఖాస్తులో, ఒక కోర్సును మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా పాత గ్రేడు సగటులోంచి తొలగిపోదు. కానీ తర్వాత చదివిన సైన్స్ కోర్సుల్లో, ఎంక్యాట్ ప్రవేశ పరీక్షలో కనబడే ఎదుగుదలకూ విలువ ఉంటుంది. అది సంచితం లాంటి లెక్క: పాతది చెరగదు, కొత్తది చేరుతూ ఉంటుంది. ఈ మూడు పద్ధతుల్లోనూ ఇప్పటి కృషికి చోటుంది. రాత అంతేనన్న మాట వీటిలో ఏ ఒక్కటీ ఒప్పుకోదు.

మన గ్రంథాలూ ఒప్పుకోలేదు. దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని అనుశాసన పర్వంలో ధర్మరాజు అడిగితే భీష్ముడు చెప్పే సమాధానంలో రైతుకు వెంటనే తెలిసే ఉపమానం ఉంది. దైవం విత్తనం, మనిషి ప్రయత్నం పొలం. పొలంలో పడని విత్తు ఎంత మేలైనదైనా మొలవదు. సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనేనని వాదించినవారిని బుద్ధుడు నిలదీశాడు. అదే నిజమైతే చేయదగినది, చేయరానిది అన్న విచక్షణకే చోటుండదన్నాడు. ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు చివర, ఇక్ష్వాకుల నాటి బౌద్ధ విహారాలు వెలసిన నాగార్జునకొండ లోయ ఇప్పుడు జలాశయం కింద ఉంది. ఆ కొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో ఈ వాదాన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. వస్తువులకు మారని స్వభావమే ఉంటే ఏదీ కొత్తగా పుట్టదు, ఏదీ నశించదు, సాధనకు అర్థముండదు. స్వభావం లేకపోవడం వల్లనే మార్పు సాధ్యమవుతోంది. ‘వీక్ స్టూడెంట్’ అని మనం అలవాటుగా వేసే ముద్ర సరిగ్గా నాగార్జునుడు ఖండించిన స్వభావవాదమే.

అయితే ప్రయత్నం అంటే గంటలు పెంచడం కాదు. నిరుడు చదివిన తీరులోనే ఈ ఏడూ చదివితే పాత కారణాన్నే తిరిగి నాటినట్టవుతుంది. బౌద్ధంలో దుఃఖానికి కారణాల గొలుసును ద్వాదశ నిదానాలంటారు. ఆయుర్వేదంలో రోగకారణం నిదానం. మన వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. ఈ మూడు అర్థాలూ లాంగ్‌టర్మ్ విద్యార్థికి కలిసి పనికొస్తాయి. నీట్‌లో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే. సరైన జవాబుకు నాలుగు మార్కులొస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. పోయిన మార్కులను విడదీసి చూస్తే తెలియక వదిలినవి కొన్ని, తెలుసనుకుని తప్పు పెట్టినవి కొన్ని, తెలిసినా సమయం చాలక పోయినవి కొన్ని ఉంటాయి. మొదటిదానికి మందు పాఠం. రెండోదానికి మందు తన జ్ఞానాన్ని తాను అనుమానించడం. మూడోదానికి అభ్యాసం. ఇంటర్‌లో కనీస శాతమే రానివారు ముందు ఇంప్రూవ్‌మెంట్ రాసి ఆ గడప దాటాలి. తనను తాను తిట్టుకోవడం ఇందులో దేనికీ మందు కాదు. పశ్చాత్తాపం కారణాన్ని వెతికితేనే సాధన అవుతుంది.

ప్రాణాలతో ముడిపడిన వృత్తిలోకి బలహీనులను రానివ్వడం రోగికి అన్యాయం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, ఇబ్రహీంపట్నంలో మరీ న్యాయమైనది. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షన్ సోకడమే కారణమని తేల్చారు. ఆ ఘటనకూ ఎవరి మార్కులకూ ముడిపెట్టే హక్కు నాకు లేదు. కానీ అది ఒకటి గుర్తు చేస్తుంది. రోగిని కాపాడేది చదువుతో పాటు రోజూ తప్పకుండా పాటించే శుభ్రత, పని చేసే చోటులోని వ్యవస్థ, ఎక్కడ పొరపాటు జరిగిందో దాచకుండా వెతికే గుణం కూడా. ప్రవేశ ప్రమాణం తగ్గించమని నేనడగడం లేదు. ఆ ప్రమాణాన్ని మొదటిసారే అందుకున్నవారినీ, తప్పులు దిద్దుకుని మూడోసారి అందుకున్నవారినీ వేరుగా చూడొద్దంటున్నాను. పదిహేడేళ్ల వయసులో రాసిన ఒక పరీక్ష, ముప్ఫై ఏళ్ల వయసులో పట్టుకునే కత్తికి పూచీ పడలేదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. మళ్లీ ప్రయత్నించడానికి ఒక ఏడాది, హాస్టల్ ఖర్చు, కోచింగ్ ఫీజు కావాలి. అవి ఉన్నవారికే పురుషకారం, లేనివారికి దైవమేనా? భీష్ముడి ఉపమానాన్ని సగంలో ఆపేస్తే ఈ క్రూరత్వం మిగులుతుంది. పొలం ఒక్కటే ఉంటే పంట రాదు, నీరు కావాలి. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. ఏ ఒక్క రైతూ తన కష్టంతో అలాంటి చెరువును తవ్వుకోలేడు. అలాగని ‘నీ పొలానికి నీళ్లెందుకు లేవు’ అని ఏ రైతునూ నిందించం. చదువూ అంతే. మండలంలో మంచి గ్రంథాలయం, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఖాళీల్లేకుండా సైన్స్ అధ్యాపకులు, మళ్లీ రాసే పేద విద్యార్థికి ఉచిత శిక్షణ: ఇవి చెరువు పనులు. వీటిని చేయని సమాజానికి ‘కష్టపడితే వస్తుంది’ అని బోధించే అర్హత లేదు.

అంతులేని ప్రయత్నం కూడా ఒక బంధనమే కదా అన్నది చివరి అభ్యంతరం. నిజమే. ఫలం చేతిలో లేదు, కర్మ మీదే అధికారమన్న గీతాబోధ ఇక్కడ కావాలి. ఎన్నేళ్లు రాయాలో ముందే నిర్ణయించుకోవాలి. సీటు కోరుతున్నది గౌరవం కోసమా, సేవ కోసమా అని నిజాయితీగా తనను తాను ప్రశ్నించుకోవాలి. సేవ కోసమే అయితే నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ విద్యలు ఓటమికి ఆనవాళ్లు కావు. సీటు దక్కినవారికైతే ఆ తక్కువ మార్కులు నేర్పిన పాఠం వృత్తిలోనూ తోడుండాలి. రిపోర్టులో షుగర్ 300 ఉన్న రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ అంకె ఆ మనిషి స్వభావం కాదు, ఫలం. తిండి, నిద్ర, కూలి, దిగులు, మందు కొనలేని స్థితి దాని వెనక ఉంటాయి. ఒకప్పుడు తన అంకె వెనక కారణాలను వెతికి చూసుకున్న డాక్టరు ఆ రోగిని తిట్టకుండా, తొందరపడకుండా అడుగుతారు. వైద్యం అక్కడే మొదలవుతుంది.