గోప్యత ఎవరి కోసం?

సాక్ష్యం చెప్పిన స్త్రీల గోప్యత కాపాడాలన్నది న్యాయమైన మాటే. కానీ పేరు దాచమనడం వేరు, చెప్పిందంతా బీరువాలో పెట్టి తాళం వెయ్యడం వేరు. అప్పుడు రక్షణ దొరికేది ఎవరికి? మలయాళ సినీరంగంపై జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. అదీ కొంత భాగం తీసేసి. అవకాశాల కోసం 'సర్దుకుపొమ్మనే' ఒత్తిడితో పాటు, షూటింగుల్లో మరుగుదొడ్లు లేక ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగడం మానెయ్యడమూ అందులో ఉంది. (ఈ నీళ్ళ సంగతి నాలుగేళ్ళు దాచడంలో ఎవరి మర్యాద నిలబడిందో!)

మన దగ్గర 2018లో శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసన తెలిపింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. దాని ఉపసంఘం ఇచ్చిన నివేదికను ప్రచురించమని 2024లో నటి సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది.