కార్డులు ఎవరికి పంపుదుము?



నంద్యాలలోను ఆళ్లగడ్డలోను అంగళ్లు నడుపు మన సంఘస్థులు కొందరు పండుగకు ముందు ఖాతాదారులకై క్రిస్మసు కార్డులు అచ్చువేయింతురు. మంచి వాడుకయే.

1843లో లండనులో హెన్రీ కోల్ అనునతడు మొదట ఇట్టి కార్డును అచ్చువేయించి అమ్మించెను. దాని నడుమ విందారగించు కుటుంబము. చేతులలో ద్రాక్షారసపు పాత్రలు. కొందరు అప్పుడే ఆక్షేపించిరి, అది న్యాయమే. అయినను ఇరుప్రక్కల ఆకలిగొన్నవారికి అన్నము, దిగంబరులకు వస్త్రము ఇచ్చు బొమ్మలున్నవి.

మనమేమి ఎన్నుకొందుము? మంచు కప్పిన ఇండ్లను కుందూ తీరమున ఎవరు చూచిరి? పశువుల తొట్టినైతే ప్రతి రైతు ఎరుగును. క్రైస్తవులు కాని ఖాతాదారులును ఆ బొమ్మను గ్రహింతురు. లోపలి మాట తెలుగులో నుండనిండు. అంగడి పేరు ప్రభువు నామముకంటె పెద్ద అక్షరములలో వేయింపకుడి.

ఇక పేర్ల పట్టీ. తిరిగి పిలువగల ధనవంతులను గాక బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని విందుకు పిలువుమని ప్రభువు చెప్పెను (లూకా 14). మన పట్టీలో అరువిచ్చు షావుకారు ఉన్నాడు, ఆఫీసరు ఉన్నాడు. మన బస్తాలు మోయు హమాలీ ఉన్నాడా? కూలివాని కూలి తెల్లవారువరకు మనయొద్ద నుండరాదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది గదా. అచ్చుకు బయానా ఇచ్చుటకు ముందే ఆ బాకీ తీర్చవలెను. బాకీ ఉంచుకొని శుభాకాంక్షలు పంపిన యెడల అతడేమనుకొనును?

నూరు కార్డులు వేయించువారు పది ఎక్కువ వేయించుడి. వాటిపై కూలివారి పేర్లు స్వహస్తముతో వ్రాయుడి. చదువురానివారికి మీరే చదివి వినిపింపుడి.