చారెడు ఉప్పుకండం, ఇంటిల్లిపాదికీ కూర



ఉప్పుకండం అంటే ఒక పూటకు మించి ఉన్న మాంసాన్ని ఉప్పు పట్టించి, ఎండబెట్టి దాచుకోవడం. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం చుట్టుపక్కల పల్లెల్లో కొలుపులకో పండక్కో పొట్టేలును కోసి వాటాలు వేసుకుంటారు. ఆ పూటకు వండగా మిగిలిన కండ దండెమెక్కేది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో వేరే దారి లేదు, ఇప్పుడు రుచి కోసం చేసుకుంటున్నారు. అయితే దాని చుట్టూ అల్లుకున్న వంట తీరు ఈనాటి ఇంటికీ పనికొస్తుంది. మాంసం కొంచెమే వేసి దాని వాసన కుండంతా పట్టించాలి, కడుపు నింపే పని కూరగాయలకూ పప్పుకూ వదలాలి.

తొడ కండ, భుజం కండ ఇందుకు బాగుంటాయి. కొవ్వు తీసేయాలి. కండ ఎండినా కొవ్వులో నూనె మిగిలే ఉంటుంది, నాలుగు వారాలు తిరిగేసరికి పాత నూనె వాసన కొడుతుంది. కండను పొడుగు పీలికలుగా, వేలి మందం కన్నా సన్నగా కోసి ఉప్పు, పసుపు, కారం, వెల్లుల్లి ముద్ద పట్టించి ఒక పూట ఉంచుతారు. ఊరిన నీళ్లు పారబోసి, పీలికలను దారానికి గుచ్చి మిద్దె మీద ఎండలో కడతారు. ఈగలు వాలకుండా పలుచటి నూలుగుడ్డ కప్పుతారు, పొద్దుగూకగానే మంచు తగలకుండా లోపలికి తెస్తారు. మంచి ఎండ ఉంటే మూడు నాలుగు రోజులు చాలు. వంచితే పుటుక్కున విరగాలి. మెత్తగా వంగితే నడిమధ్యలో ఇంకా తడి ఉన్నట్టే, దాన్ని డబ్బాలో పెట్టకూడదు. ఉప్పు కండలోని నీటిని బయటికి లాగుతుంది, ఎండ ఆ నీటిని ఆవిరి చేస్తుంది. నీరు లేనిచోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. వాన తక్కువై, గాలి పొడిగా ఉండే ఈ ప్రాంతంలో ఈ పని తేలిగ్గా సాగుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం మొదలుపెట్టకపోవడమే మేలు. దాచినదాన్ని నెలకోసారి మళ్లీ ఎండలో పెట్టాలి. బూజు కనిపించినా, జిగట తగిలినా కడిగి వాడదామనుకోకూడదు, పారేయాలి.

చారెడు ఉప్పుకండం ఉంటే నలుగురైదుగురికి కూర అవుతుంది. ముందు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, ఉప్పు దిగిన ఆ నీళ్లు పారబోయాలి. కండను గోరంత ముక్కలుగా తుంచి నూనెలో సన్నమంట మీద వేయిస్తే అంచులు ఎర్రబడి, ఆ వాసనంతా నూనెకు దిగుతుంది. అసలు కిటుకు ఈ నూనెలోనే ఉంది. ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి అందులోనే వేగాలి, ఆ వెనక ఇంట్లో మిగిలిన రెండు వంకాయలో, సగం దోసకాయో, గోంగూర కట్టో పడాలి. మూత పెట్టి మగ్గనిచ్చి, చివర రుచి చూసి అవసరమైతేనే ఉప్పు వేయాలి. కొత్తగా వండేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అలవాటు కొద్దీ మొదట్లోనే ఉప్పు వేసేస్తారు, కూరంతా ఉప్పు కషాయమవుతుంది.

పప్పులో వేస్తే ఇంకా కలిసొస్తుంది. కందిపప్పు విడిగా ఉడికించి ఎనిపి, వేయించిన ఉప్పుకండాన్ని తిరగమాతతో పాటు అందులో కలుపుతారు. ఇక్కడ నీటి సంగతి గుర్తుంచుకోవాలి. మార్కాపురం వైపు చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, చాలాచోట్ల నీళ్లు చవుడుగా, కఠినంగా కూడా ఉంటాయి. కఠినజలంలోని సున్నం పప్పుగింజ గోడలను గట్టిపరుస్తుంది కాబట్టి పప్పు ఓ పట్టాన ఉడకదు. పులుపు పడినా అంతే. అందుకని తాగడానికి తెచ్చుకునే మంచినీళ్లతోనే పప్పు నానబెట్టి ఉడికించడం, అది మెత్తబడ్డాకే చింతపండు రసం పోయడం మేలు. ఈ వరస తప్పితే గ్యాసూ పోతుంది, పప్పూ పలుకుగానే మిగులుతుంది.

యూరప్ పల్లెల్లో పందిమాంసంతో చేసే బేకన్‌కూ పుట్టుక ఇలాంటిదే. పందిని కోసిన చలికాలంలో ఉప్పు పట్టించి, ఒక్కోచోట పొగబెట్టి దాచేవారు. పేద ఇళ్లలో చిన్న ముక్క బఠాణీల కుండలోనో, క్యాబేజీ కుండలోనో పడేది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో కాపురం పెట్టినవారి ఫ్రిజ్‌లో సగం వాడిన బేకన్ పొట్లం మిగిలితే ఇదే తీరులో వాడుకోవచ్చు. పొట్లం విప్పాక వారంలోపు అయిపోవాలి. దాని కొవ్వు దానంతటదే కరుగుతుంది, నూనె పోయనక్కర్లేదు. సన్నగా తరిగి వేయించి, అందులో మిగిలిన క్యాబేజీ, బీన్స్, క్యారెట్ వేసి, నిన్నటి అన్నం కలిపితే పిల్లలు వంక పెట్టకుండా తింటారు.

మాంసం లేని రోజున కూడా మిగిలిన కూరగాయలకు దారి ఉంది. ఒక ములక్కాడ, రెండు బెండకాయలు, చిన్న సొరకాయ ముక్క, వాడిన టమాటా, వీటిలో ఏదీ విడిగా కూరకు చాలదు. అన్నీ కలిస్తే ముక్కల పులుసవుతుంది. గట్టిముక్కలు ముందు, మెత్తవి వెనక వేయడమే అందులో నేర్పు. బీరకాయ తొక్కును కడిగి పచ్చిమిర్చితో మగ్గబెట్టి రోట్లో నూరితే మరుసటి పూటకు పచ్చడి. సంతలో ధర పడిపోయి వంకాయలు, గోరుచిక్కుళ్లు, టమాటాలు ఎక్కువగా ఇంటికి చేరినప్పుడు కోసి, ఎండబెట్టి వరుగులు పెడతారు. ఎండాకాలపు కూరగాయల కరువులో ఆ వరుగులే పులుసులోకి వస్తాయి, ఉప్పుకండంతో బాగా పొసుగుతాయి కూడా. ఈ తిండి వెనక ఇక్కడి చరిత్ర కూడా ఉంది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో కొత్త ఒంగోలు జిల్లాలో కలిసేదాకా కర్నూలు జిల్లావి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. ఇక్కడి పళ్లెంలో సంగటి, సజ్జరొట్టె ఒకవైపు, రోటిపచ్చళ్లు ఇంకోవైపు కనిపించడానికి రెండు జిల్లాల మధ్య సాగిన ఈ సరిహద్దు బతుకు కూడా ఒక కారణం. ముస్లిం ఇళ్లలో వండే దాల్చా మరీ గమనించదగ్గది. బొమికలు, శనగపప్పు, సొరకాయ, చింతపండు కలిసిన ఆ కుండలో కండ పేరుకే ఉంటుంది, రుచికి ఏ లోటూ ఉండదు.

వండినది మిగిలినప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి విత్తులు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే అన్నమైనా కూరైనా రెండు గంటల్లోపు, మండువేసవిలో గంటలోపే, వెడల్పాటి గిన్నెలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మాంసం కూర అక్కడ మూడు నాలుగు రోజులకు మించి ఉంచరాదు. తీసినంత మాత్రమే, పొగలు కక్కేదాకా వేడిచేయాలి. చద్దన్నం తీరు వేరు. అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి రాత్రంతా పులియనిస్తే మజ్జిగలోని సూక్ష్మజీవులే పులుపు పుట్టించి చెడ్డవాటిని అదుపులో పెడతాయి. మరునాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే తినేయాలి.

ఈ పొదుపంతటిలో అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది వండే మనిషి. చాలా ఇళ్లలో వేడి కూర మగవాళ్లకూ పిల్లలకూ పోతుంది, అడుగున మిగిలిన పులుసు, చద్ది ముద్ద ఇల్లాలి వంతుకు వస్తాయి. దీన్ని త్యాగమని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అది అన్యాయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము అందరికన్నా ఎక్కువ కావలసినవాళ్ల పళ్లేనికే మాంసం అందరికన్నా తక్కువగా చేరుతోంది. గోరంత ముక్కలుగా తుంచిన ఉప్పుకండంలో ఒక మంచి ఉంది. అది కూరంతటా కలిసిపోతుంది, ఏరి ఒకరికే వడ్డించడం కుదరదు. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి ఆ కొద్ది మాంసం సాయపడుతుంది, పైన పిండిన నిమ్మరసం కూడా. అన్నం తినగానే తాగే టీ దానికి అడ్డు. నిన్నటి కూర మిగిలితే ఇంట్లో అందరూ తలా ఇంత వేసుకోవాలి, కొత్తగా వండినదీ అలాగే పంచుకోవాలి. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి మొదటి నెలలోనే అందరితో కలిసి కూర్చుని తినడం మొదలుపెడితే ఇంటికి అదే అలవాటవుతుంది. ఆలస్యమైనకొద్దీ మార్చడం కష్టం.

ఉప్పుకండమైనా బేకనైనా రోజూ తినేవి కావు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పు పట్టించి నిల్వచేసిన మాంసాలు క్యాన్సర్ ముప్పును పెంచుతాయని ఆ సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2015లో తేల్చింది. కాబట్టి ఎప్పుడో ఒకనాడు, చారెడుకు మించకుండా వాడాలి. రక్తపోటు ఉన్నవారికి ఉప్పుకండం కలపకముందే పప్పు విడిగా తీసిపెట్టాలి.

ఇంత చేసినా మిగిలే తొక్కలు, కడుగునీళ్లు, గంజి పల్లెలో కుడితి తొట్టికి పోతాయి. మాంసం తగిలినదేదీ అందులో కలపకూడదు, దాన్ని గొయ్యి తీసి పూడ్చాలి. గొడ్డూ గోదా లేని పట్నపు ఇంట్లో తొక్కలను మూతున్న కుండలో ఎండుటాకులతో పొరలుగా వేసి, అప్పుడప్పుడు కలియబెడుతుంటే రెండు మూడు నెలల్లో మిద్దె మీది మొక్కలకు ఎరువవుతుంది.

ఇట్లు,
అవ్వ