ఉపమన్యుడి పాలు, పిన్ని మ్యాట్నీ

పాలకొల్లులో సినిమాని తక్కువచేసి మాట్లాడాలంటే కాస్త ధైర్యం కావాలి. దాసరి నారాయణరావుది ఈ ఊరు. అల్లు రామలింగయ్యది ఈ ఊరు. కోడి రామకృష్ణదీ ఈ ఊరే. పాటలు రాసే అనంత శ్రీరామ్‌ది పక్కనున్న దొడ్డిపట్ల. నరసాపురం దాటితే మొగల్తూరు, అది కృష్ణంరాజు, చిరంజీవిల ఊరు. తీసినవాళ్ళ పేర్లూ ఆడినవాళ్ళ పేర్లూ ఆటో స్టాండులో అడిగినా, కొబ్బరికాయల కమీషన్ కొట్లో అడిగినా గడగడా చెబుతారు. చూసినవాళ్ళ గురించి మాత్రం ఎవరూ రాయరు. నేనెరిగిన చూసేవాళ్ళలో మా పిన్నిది మొదటి వరస.

ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యింది. నేను హైదరాబాదులో ఒక కాలేజీలో తత్త్వశాస్త్రం చెబుతాను. ఇద్దరం కలిస్తే వాదనే. 2025 జనవరిలో బంధువులందర్నీ వెంటేసుకుని ‘సంక్రాంతికి వస్తున్నాం’ చూసింది. మార్చిలో ఒక్కతే వెళ్ళి ‘కోర్ట్’ చూసొచ్చింది. మే నెలలో మళ్ళీ విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’కి, సెప్టెంబరులో పక్కింటి డిగ్రీ పిల్లలతో ‘లిటిల్ హార్ట్స్’కి వెళ్ళింది. ఈ మధ్యలో ఏమన్నా ఘనకార్యాలు చేసిందా అంటే లేదు. పొద్దున్నే కాలవగట్టున నడక, మధ్యాహ్నం రేడియో, ఆదివారం దిబ్బరొట్టె.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు ఆ రొట్టె కాలుతుండగానే వాదన మొదలైంది. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి మందపాటి మూకుడులో పోసి, మూతమీద నిప్పులేసి, కింద సెగ తగ్గించి పెట్టింది. అరగంట పైనే పడుతుంది. తొందరపడి మూత తీస్తే పిండి పిండిగానే ఉంటుంది.

“నీకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదా పిన్నీ?” అన్నాను.

“ఇంతకంటే అంటే ఏంట్రా?”

“చిన్న చిన్న ఆనందాలతో సరిపెట్టుకోవడం మంచిదే అంటారు చాలామంది. నాకు అనుమానం. మనిషికి పెద్ద కోరికలు పుట్టకుండా చూడాలంటే వారానికో సినిమా, ఒక రొట్టె ముక్క చాలు. జాన్ స్టూవర్ట్ మిల్ అని ఇంగ్లండులో ఒకాయన ఆనందాలన్నీ ఒకే జాతివి కావన్నాడు. పై తరగతివి వేరు, కింది తరగతివి వేరు.”

“బాల్కనీ, నేల అన్నమాట.”

“దాదాపు అంతే. మరి ఏది పైది అని తేల్చేదెవరూ అంటే, రెండూ రుచి చూసినవాళ్ళు అంటాడు. వాళ్ళు పైదాన్నే కోరుకుంటారట.”

“నేను రెండిట్లోనూ కూర్చున్నాను. బాల్కనీలో కుర్చీ బాగుంటుంది, నేల్లో సినిమా బాగుంటుంది. ఆయన వెళ్ళుండడు.”

మిల్‌ని ఇంత తేలిగ్గా కొట్టిపారెయ్యడం నాకు నచ్చలేదు గానీ, ఆ జవాబులో ఒక చిక్కు ప్రశ్న ఉందని ఒప్పుకోవాలి. రెండూ తెలిసిన మనిషి తీర్పు చెప్పాలన్నప్పుడు, ఆ తీర్పు మనకి ఇష్టమైన వైపే వస్తుందని ఎలా అనుకుంటాం? అందుకని దారి మార్చి మనవాళ్ళ దగ్గరికి వచ్చాను. తైత్తిరీయోపనిషత్తులో ఆనందాన్ని కొలిచే ఒక భాగం ఉంది. యువకుడు, మంచివాడు, చదువుకున్నవాడు, బలవంతుడు, పైగా భూమ్మీది సంపదంతా అతనిదే. అతని ఆనందం ఒక పాలు. దానికి వందరెట్లు మనుష్యగంధర్వుల ఆనందం. దానికి వందరెట్లు దేవగంధర్వులది. అలా పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి దాటి బ్రహ్మ దాకా పది మెట్లు.

లెక్క అనేసరికి పిన్ని కళ్ళు వెలిగాయి. “వంద పదిసార్లు. ఒకటి పక్కన ఇరవై సున్నాలు.”

“అవును. ఈ నిచ్చెన మీద నీ మ్యాట్నీ ఎక్కడుంటుంది చెప్పు.”

“ముందు ఆ మొదటి కుర్రాణ్ణి చూపించు. భూమంతా తనదైనవాడూ, అయినా మంచివాడూ. పాలకొల్లులో లేడు. కొలబద్దే దొరకనప్పుడు వందరెట్లేంటి?”

“అసలు తమాషా అది కాదు. మనుష్యగంధర్వుల దగ్గర్నుంచి ప్రతి మెట్టు దగ్గరా ఉపనిషత్తు ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెబుతుంది. వేదం వచ్చి, కోరిక దెబ్బ తగలనివాడికి కూడా అంతే ఆనందం అని.”

“ప్రతి మెట్టు దగ్గరా?”

“ప్రతి మెట్టు దగ్గరా.”

పిన్ని కాసేపు మాట్లాడలేదు. ఆవిడ మౌనం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, బోర్డు మీద లెక్క పడే ముందు వచ్చేది. “అయితే ఆ మనిషి ఆనందం ఎక్స్ అనుకో. ఈ మెట్టు మీదా ఎక్స్, పై మెట్టు మీదా ఎక్స్. కానీ పై మెట్టు కింది మెట్టుకి వందరెట్లు. అంటే ఎక్స్ ఈజీక్వల్టు వంద ఎక్స్. దానికి జవాబు సున్నా అన్నా కావాలి, అనంతం అన్నా కావాలి. మీ ఉపనిషత్తు ఏది అంది?”

శంకరులు దీనికి చక్కటి వ్యాఖ్యానం రాశారు. కానీ ఎనిమిదో తరగతి బీజగణితంతో ఆ మంత్రాన్ని పట్టుకున్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. కోరిక లేనివాడు ఖాళీగా ఉన్నాడా, నిండుగా ఉన్నాడా? వైరాగ్యం గురించి జరిగిన వాదాలన్నీ ఈ సమీకరణంలో ఇమిడిపోతాయి. “అనంతం అనే అంది” అన్నాను, కొంచెం గొంతు తగ్గించి.

“అయితే కోరిక దెబ్బ తగలనివాణ్ణి నేను చూశాను. మొన్న మేలో.”

‘జగదేకవీరుడు’ మొదటిసారి విడుదలైంది 1990 మే 9న. అప్పుడే తుఫాను కోస్తా మీద విరుచుకుపడింది. రోడ్లమీద నీళ్ళు, ఊళ్ళలో కరెంటు లేదు, అయినా జనం పంచెలు ఎగ్గట్టుకుని వెళ్ళారు. సరిగ్గా ముప్ఫై అయిదేళ్ళకి, 2025 మే 9న, అదే సినిమా మళ్ళీ హాళ్ళకి వచ్చింది. హాల్లో పిన్నికి కనిపించిందేంటంటే, కథ తెలియనివాళ్ళు దాదాపు లేరు. తర్వాత ఏమవుతుందన్న ఆత్రం ఎవరికీ లేదు. తెరమీద మాట రాకముందే కుర్చీల్లోంచి వచ్చేస్తోంది. ఉంగరం పోతుందని తెలుసు, దొరుకుతుందనీ తెలుసు.

“పాఠం కంఠతా వచ్చు, తెలుసుకోవాలన్న కోరిక లేదు. అయినా ఆనందం తగ్గలేదు. నీ మంత్రంలో వాడు వీడే కదరా?”

నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వాల్సినంత విషయం కాదనిపించింది. మొదటిసారి చూసినప్పుడు మనం సినిమాతోపాటు మన ఆత్రాన్ని కూడా మోస్తుంటాం. రెండోసారి ఆ బరువు ఉండదు. శ్రీదేవి నడిచిన తీరు, ఇళయరాజా వేణువుని ఎక్కడ ఆపాడు, అల్లు రామలింగయ్య ఒక్క కనుబొమ్మతో ఏం చేశాడు, ఇవన్నీ అప్పుడే కనిపిస్తాయి. మన రామాయణ ప్రేక్షకుడు ఎప్పుడూ రెండోసారి ప్రేక్షకుడే. హరికథకి వెళ్ళినవాడెవడూ సీత దొరుకుతుందా లేదా అని గోళ్ళు కొరుక్కోలేదు.

ఇక్కడ నేను అభినవగుప్తుణ్ణి తెచ్చాను. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో కూర్చుని నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసినాయన. నాటకం చూస్తున్నప్పుడు ఆ దుఃఖం పాత్రదీ కాదు, నటుడిదీ కాదు, చూసేవాడి సొంతమూ కాదు, అందరిదీ అయిపోతుంది. అందుకే అది బాధించదు, రసమవుతుంది. ఈ రసానికి అడ్డొచ్చే విఘ్నాలు ఏడు చెప్పాడు. తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోవడం వాటిలో ఒకటి. తర్వాతి ఆలంకారికులు రసాస్వాదాన్ని బ్రహ్మానందానికి తోబుట్టువు అన్నారు. (బ్రహ్మానందం అత్తిలి కాలేజీలో తెలుగు లెక్చరరుగా చేశాడు కాబట్టి ఆ తోబుట్టువులంతా మన జిల్లావాళ్ళే అంది పిన్ని. నేను వినిపించుకోనట్టు ముందుకెళ్ళాను.)

“‘కోర్ట్’లో నువ్వు ఏడ్చావన్నావు. ఎవరి కోసం ఏడ్చావు?”

ఆ సినిమాలో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, కాలేజీ చదివే అమ్మాయి ఇష్టపడతారు. అమ్మాయి మైనరు. కుటుంబ పరువు అంటూ ఒక పెద్దమనిషి పలుకుబడి వాడి, పోక్సో చట్టం కింద కుర్రాణ్ణి జైల్లో పెట్టిస్తాడు. పిన్ని జవాబు వెంటనే రాలేదు. “నేను పాఠం చెప్పిన పిల్లల్లో అలాంటివాడు ఒకడున్నాడు. జైలు దాకా పోలేదులే. ఊరు వదిలి వెళ్ళిపోయాడు. వాడే గుర్తొచ్చాడు.”

“అదే విఘ్నం. నువ్వు చూసింది సినిమా కాదు, నీ జ్ఞాపకం.”

“ఆయన పాలకొల్లులో సినిమా చూడలేదు కాబట్టి అలా రాశాడు” అంది.

తర్వాత చెప్పిన సంగతి నాకు మొత్తం సంభాషణలో ముఖ్యమైనదిగా తోస్తుంది. 1982లో కోడి రామకృష్ణ తన మొదటి సినిమా ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ని ఈ చుట్టుపక్కలే తీశాడు. చిరంజీవి, మాధవి. నిర్మాత కె. రాఘవ, దాసరికి ‘తాత మనవడు’తో మొదటి అవకాశం ఇచ్చిందీ ఆయనే. సినిమా రాగానే ఊరు ఊరంతా వెళ్ళింది. కథ చూడటానికి కాదు. ఆ గట్టు మనదే, ఆ అరుగు ఫలానావాళ్ళది, ఆ వెనకాల సైకిలు తొక్కుకుపోయేది మన కిళ్ళీకొట్టాయన అని తెర వైపు వేళ్ళు చూపించుకోవడానికి. అభినవగుప్తుడి కొలత ప్రకారం ఆ హాలు హాలంతా విఘ్నమే. కానీ అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ఇంకోలా అన్నాడు. బొమ్మ చూసి మనిషి సంతోషించేది ‘ఇది అదే’ అని గుర్తుపట్టినందుకు. గుర్తుపట్టడం నేర్చుకోవడమే, నేర్చుకోవడం అందరికీ ఇష్టమే.

“రోజూ నడిచే గట్టేరా. తెరమీద చూసేదాకా అది అందంగా ఉంటుందని మాకెవరికీ తెలీదు. మర్నాడు అందరం దాన్ని చూసుకుంటూ నడిచాం” అంది పిన్ని.

నా అనుమానం మాత్రం తీరలేదు. మళ్ళీ మొదటికొచ్చాను. సంతోషించడం సరే, సంతోషించినవాడు తృప్తిపడి ఊరుకుంటాడు కదా? సరుకు తక్కువైనా, కూలి తక్కువైనా, సినిమా ఉందిగా అనుకుంటాడు. ఇదే నా అసలు అభ్యంతరం.

పిన్ని గోపురం వైపు చెయ్యి చూపించింది. క్షీరారామలింగేశ్వరుడి తొమ్మిదంతస్తుల గోపురం మా ఊళ్ళో ఎక్కడ్నుంచైనా కనిపిస్తుంది. “ఈ ఊరు ఎలా వచ్చిందో మర్చిపోయావా?”

మర్చిపోలేదు. ఉపమన్యుడనే పిల్లాడు పాల కోసం శివుణ్ణి అడిగాడు, శివుడు పాలు పొంగించాడు, అది క్షీరపురి అయింది. ఈ ఉపమన్యుడి కథే మహాభారతం అనుశాసనిక పర్వంలో ఇంకా వివరంగా ఉంది. పెద్దయ్యాక తనే కృష్ణుడికి చెబుతాడు. చిన్నప్పుడు ఎవరింట్లోనో ఆవుపాలు తాగాడు. ఇంటికొచ్చి పాలు కావాలన్నాడు. తల్లి దగ్గర ఆవు లేదు. పిండి నీళ్ళలో కలిపి, ఇవే పాలు తాగమంది. పిల్లాడు ఒక గుక్క తాగి, ఇవి పాలు కావన్నాడు.

“అసలు పాలు తాగి ఉండకపోతే?” అంది పిన్ని.

“పిండినీళ్ళే పాలనుకునేవాడు.”

“తృప్తిపడి ఊరుకునేవాడు. గొడవ చేసింది ఎవరు? రుచి తెలిసినవాడు. చిన్న ఆనందం మనిషిని నోరుమూయిస్తుందంటావు నువ్వు. దాని రుచి తెలిసినవాణ్ణే పిండినీళ్ళతో మోసం చెయ్యలేరు అంటాను నేను. ఈమధ్య ఫోన్లో రెట్టింపు స్పీడు పెట్టుకుని సినిమా చూస్తున్నారే, వాళ్ళేనా అడిగేది?”

దీనికి నా దగ్గర జవాబు లేకపోలేదు. అసలు పాలు దొరకనివాళ్ళ సంగతేంటి అని అడగొచ్చు, అడిగాను కూడా. చిన్న ఆనందం అనేది జేబుని బట్టి చిన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో పల్లెటూళ్ళ నాన్-ఏసీ హాళ్ళలో అడుగు తరగతి టిక్కెట్టు అయిదు రూపాయలకి దింపారు. 2022 మార్చిలో మళ్ళీ పెంచారు. అయిదు రూపాయలకి హాలు నడవదు, అలాగని పెద్ద సినిమా వారం పెంచిన రేటుకి నలుగురున్న కూలి కుటుంబం వెళ్ళలేదు. ఒకప్పుడు హాళ్ళలో ఆడవాళ్ళకి వేరే గేటు, వేరే కిటికీ ఉండేవి. మా అమ్మమ్మకి ఆ గేటులోంచి వెళ్ళాలన్నా ఇంట్లో ముగ్గురి అనుమతి కావాలి. ఆవిడకి మ్యాట్నీ చిన్నదేమీ కాదు. పిన్ని ఈ ఒక్క విషయంలో నాతో వాదించలేదు. “అందుకే ఒక్కదాన్నే వెళ్తాను అప్పుడప్పుడు. ఎవర్నీ అడక్కుండా వెళ్ళడం కూడా సినిమాలో భాగమే” అంది.

రొట్టె దింపింది. పైన చెక్కు ఎర్రగా, లోపల మెత్తగా, పక్కన చెరకు పానకం. గిన్నె అంచుకి అంటుకున్న మాడు చెక్కు తనే తీసుకుంది. ఆ విషయంలో వాదనకి తావు లేదు.

తింటూనే ఆఖరి బాణం వేశాను. “పిన్నీ, ఉపమన్యుడి కథ నువ్వు సగమే చెప్పావు. చివరికి శివుడు ఎదుట నిలబడి ఏం కావాలంటే ఆ పిల్లాడు పాలు అడగలేదు. నీమీద భక్తి కావాలన్నాడు. పెద్దది దొరికాక చిన్నది మర్చిపోయాడు. మిల్ చెప్పిందీ అదే.”

“అడగలేదు సరే. శివుడు పాలిచ్చాడా లేదా?”

“ఇచ్చాడు. నువ్వెక్కడ కోరుకుంటే అక్కడికి పాలసముద్రం వస్తుందన్నాడు.”

“వీడు వద్దన్నాడా?”

“వద్దనలేదు.”

“ఇంకేమన్నాడు?”

“అమృతం కలిసిన పాలన్నం బంధువులతో కలిసి తినమన్నాడు.”

“బంధువులతో కలిసి” అంది పిన్ని, చెయ్యి కడుక్కుంటూ. “సాయంత్రం ఫస్ట్ షోకి టిక్కెట్లు నేను తీస్తాను. ఇంటర్వెల్లో ఖర్చు నీది. పాప్‌కార్న్ రేటు చూసి మిల్ గారి పేరెత్తావంటే ఊరుకోను.”