పతనాన్ని కొలిచే కొలత ఏది? — ఎర్రగుడి శిల నుంచి ఆదోని వరకు

గ్రీకు, రోమక నాగరికతల ఉత్థాన పతనాలు చరిత్ర పాఠ్యగ్రంథాలలో మన నేలకు సంబంధం లేని దూరదేశపు కథలుగా కనిపిస్తాయి. కాని పశ్చిమ కర్నూలు సీమలో, పత్తికొండ–గుత్తి దారిలో ఉన్న ఎర్రగుడి బండల మీద ఐదుగురు గ్రీకు రాజుల ప్రస్తావన గల అశోకుని 13వ శిలాశాసనం చెక్కి ఉంది. అంతియోకుడు, తురమాయుడు (టాలమీ), అంతికినుడు (ఆంటిగోనస్), మగుడు, అలికసుందరుడు అన్న ఆ పేర్లు క్రీ.పూ. 3వ శతాబ్దంలో ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఇక్కడికి వచ్చాయి. అదే చోట ఉన్న లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. సాలు చివర ఎద్దు మళ్ళినట్లు సాగే ఈ రాతకు లిపిశాస్త్రజ్ఞులు వాడే పేరు కూడా గ్రీకు మాటే కావడం కాకతాళీయం.

ఆ ఐదుగురి రాజ్యాలు తర్వాతి రెండున్నర శతాబ్దాలలో ఒక్కొక్కటిగా అంతరించాయి. మాసిడోనియా రాజరికం క్రీ.పూ. 168లో ముగిసింది. ఆంటియోకస్ వంశీయుల సిరియా క్రీ.పూ. 64–63లో, టాలమీల ఈజిప్టు క్రీ.పూ. 30లో రోము పాలైనాయి. క్రీ.శ. 476 నాటికి పశ్చిమ రోమక సామ్రాజ్యమూ లేదు. పేరు మాత్రం మిగిలింది. శాసనంలోని 'యోన' శబ్దానికి సంస్కృత రూపమైన 'యవన' మన భాషలో జీవించింది, కాని అర్థం మారింది. గ్రీకులను చెప్పిన మాట మధ్యయుగాలలో ముస్లిం పాలకులకు వాచకమైంది. శ్రీకృష్ణదేవరాయల బిరుదులలో 'యవనరాజ్యస్థాపనాచార్య' ఒకటి. తళ్ళికోటను కేవలం రెండు మతాల పోరుగా చదివేవారు ఈ బిరుదు దగ్గర కొంతసేపు ఆగవలసి ఉంటుంది.

రాజ్యం పోయి మాట మిగిలినప్పుడు, మాట పోయి మనుషులు మిగిలినప్పుడు, మనుషులు పోయి కోట మిగిలినప్పుడు, వీటిలో దేనిని పతనం అనాలి? ఇది కేవలం నిర్వచనానికి సంబంధించిన ప్రశ్న కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దేనికి దుఃఖించాలో, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించే నైతిక ప్రశ్న ఇది.

గెలిచినవారు పతనాన్ని చూసిన తీరుకు ప్రాచీన ప్రపంచంలో రెండు ఉదాహరణలు ఉన్నాయి. క్రీ.పూ. 146లో కార్తేజి నగరం తగలబడుతుండగా రోమక సేనాని స్కిపియో కన్నీరు పెట్టుకున్నాడని, ట్రాయ్ పతనాన్ని చెప్పే హోమరు పంక్తులు తలచుకున్నాడని, ఏదో ఒకనాడు తన రోముకూ ఇదే గతి పడుతుందని భయపడ్డాడని పొలీబియస్‌ను ఆధారం చేసుకుని అప్పియన్ రాశాడు. ఆ కన్నీరు గొప్పదే. అయితే అది ఎవరి కోసం? బతికిన కార్తేజీయులను బానిసలుగా అమ్మివేశారు. స్కిపియో వగపు వారి మీదుగా దాటి, ఇంకా రాని తన నగరపు కష్టం మీద వాలింది.

రెండవ ఉదాహరణ ఎర్రగుడి బండ మీదిదే. యోన రాజుల పేర్లు చెప్పే ఆ 13వ శాసనమే కళింగ యుద్ధం గురించిన పశ్చాత్తాప శాసనం. అక్కడ నగరాల వర్ణన లేదు, కాలచక్రం మీద చింతన లేదు. అంకెలున్నాయి. లక్షన్నర మంది తమ చోటు నుంచి తరలింపబడ్డారు, లక్షమంది హతులయ్యారు, దానికి ఎన్నో రెట్లు మరణించారు. హతుల కంటే ముందు తరలింపబడినవారి సంఖ్య రావడం గమనించదగినది. ఆ తర్వాత శాసనం ఇంకొక అడుగు వేస్తుంది. తాము క్షేమంగా ఉన్నా, ఆప్తులకు కలిగిన ఆపద వల్ల దుఃఖించేవారినీ హింస పొందినవారిగానే పరిగణిస్తుంది.

అశోకుణ్ణి ఇక్కడ ఆకాశానికెత్తడం తగదు. ఆయన కళింగను తిరిగి ఇచ్చివేయలేదు. అదే శాసనంలో ఆటవికులకు హెచ్చరిక ఉంది. కళింగలోని ధౌళి, జౌగడ శిలల మీద ఈ శాసనాన్ని చెక్కించనే లేదు. పశ్చాత్తాపాన్ని బాధితులకు వినిపించకుండా దూరాన ఉన్న మనకు వినిపించాడన్నమాట. అయినా ఆయన శాసనం ఇచ్చిన కొలత ఆయన ఆచరణ కంటే పెద్దది. కొలతను స్వీకరించడానికి కొలిచినవాడు నిర్దోషి కానక్కరలేదు.

ఈ రెండు చూపులతో ఆదోనిని పరిశీలిద్దాం. విజయనగర సామ్రాజ్యపు దుర్గాలలో ఒకటైన ఆదోని 1565 నాటి యుద్ధం తర్వాత కొద్ది ఏండ్లకే బీజాపూరు ఆదిల్‌షాహీల వశమైంది. బీజాపూరు 1686లో మొగలుల పాలుకాగా, సిద్దీ మసూద్ ఖాన్ ఏలుబడిలో ఉన్న ఆదోని 1688లో లొంగిపోయింది. ఆయన కట్టించిన జామియా మసీదు నేటికీ పట్టణం మధ్య నిలిచి ఉంది. తర్వాత నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు, 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడి, కోట విధ్వంసం, 1800లో దత్తమండలాలతో కలిసి కంపెనీకి అప్పగింత. గిబ్బన్ రోమక సామ్రాజ్య క్షీణ పతనాల చరిత్ర 1776–1788 మధ్య లండన్‌లో సంపుటాలుగా వెలువడుతున్న కాలంలోనే టిప్పు ఫిరంగులు ఆదోని గోడలను కూల్చాయి. సింహాసనం వైపు నుంచి చూస్తే రెండున్నర శతాబ్దాలలో ఆదోని నాలుగైదుసార్లు పతనమైంది. అయినా పట్టణం పోలేదు.

ఆ తర్వాత సుమారు శతాబ్దంన్నర పాటు ఆదోని చేతులు మారలేదు. రాజుల పట్టికలో అది స్థిరమైన కాలం. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. సామ్రాజ్య ఉత్థానానికి అంతకంటె శిఖరం లేదు. సరిగ్గా అప్పుడే బళ్ళారి, కర్నూలు జిల్లాలలో 1876–78 నాటి ధాత కరువు నడుస్తున్నది. ఆదోని ఆనాడు బళ్ళారి జిల్లాలో భాగం. కరువు పనుల కూలీకి రోజుకొక పౌను ధాన్యానికి సరిపడే కూలి చాలని రిచర్డ్ టెంపుల్ తగ్గించిన ఏడాది కూడా అదే. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గింది. 1565 గురించి రాసినంత విలాపం ఈ సంఖ్య గురించి మన సాహిత్యం రాసిందా? ఆ దుఃఖాన్ని నిలిపింది ప్రజల వాడుక. కరువుకు సంవత్సరం పేరు పెట్టి, పుట్టుకలను చావులను దానితో లెక్కించుకున్నారు.

మన ఆధునిక కవిత్వంలో శిథిల విలాపానికి బలమైన సంప్రదాయం ఉంది. కొడాలి సుబ్బారావు 'హంపీక్షేత్రము' అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. రాబర్ట్ సూయెల్ 1900లో 'మరచిపోయిన సామ్రాజ్యం' అన్న అర్థం వచ్చే పేరుతో విజయనగర చరిత్ర ప్రకటించాక ఈ భావధార వేగం పుంజుకున్నది. 1928 నంద్యాల సభలలో దత్తమండలాలకు 'రాయలసీమ' అన్న పేరు చిలుకూరి నారాయణరావు సూచనతో స్థిరపడడం కూడా ఆ స్మృతి ఫలితమే. పరాయి దొరకు దత్తమిచ్చిన నేల అనిపించుకోవడం కంటే, లేని రాజు సీమ అనిపించుకోవడం గౌరవమని ఆ తరం భావించింది. అందులోని ఆత్మాభిమానాన్ని తక్కువ చేయలేము. కాని ఈ విలాపం తరచు స్కిపియో కన్నీటి జాతికి చెందినదిగానే ఉంటుంది. పోయిన మన ఘనతకు, మన వంతు వచ్చిన కాలచక్రానికి వగచినంతగా చోటు వదిలిపోయినవారికి వగవదు.

దీనికి భిన్నమైన వచనం కైఫియతులలో ఉంది. మెకంజీ సేకరింపజేసిన దత్తమండలాల గ్రామ వృత్తాంతాలు ప్రభుత్వాల మార్పును రెండు మూడు వాక్యాలలో ముగించి, ఆ మార్పులో ఏ ఊరు ఖిలమైంది, ఏ చెరువుకు గండి పడింది, ఏ మాన్యం జప్తయింది, ఎవరు కౌలు పొంది ఊరు మళ్ళీ కట్టారు అన్నవాటి దగ్గర నిదానిస్తాయి. శైలీ సౌందర్యం లేదని మనం వీటిని సాహిత్య చరిత్ర అంచున ఉంచాము. పతనానికి తెలుగులో ఉన్న అత్యంత నిశితమైన పదజాలం అక్కడే ఉందని నా నమ్మకం. 'ఖిలం' అన్న మాట రాజును గురించి చెప్పదు, పొయ్యి వెలగని ఊరిని గురించి చెబుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. పాలకులు ఎవరైతేనేమి, ప్రజలు బతుకుతూనే ఉంటారన్న ఉదాసీనతకు ఈ వాదం దారితీయదా? తీయకూడదు. 537లో గోతులు రోమును ముట్టడించి నీటికాలువలను తెంచినప్పుడు ఆ నగరపు స్నానశాలలు, నీటి మరలు ఆగిపోయాయి. కాలువను కాచే రాజ్యం లేకపోవడం కూడా జనం మీదనే పడుతుంది. చెరువు గండి పూడ్చే బాధ్యత ఎవరిదో తేలని కాలాన్ని కైఫియతులు అంత బాధతో చెప్పడం ఇందుకే. రాజ్యం ముఖ్యమైనదే, కాని తన కోసం తాను ముఖ్యమైనది కాదు.

ఎమ్మిగనూరు నేతపనివారి చరిత్ర ఈ విషయాన్ని మరొక వైపు నుంచి చూపుతుంది. మరనేత పోటీలో మగ్గం కూలిపోవడం ఏ రాజవంశ పట్టికలోనూ లేని పతనం. 1938లో మాచాని సోమప్ప నాయకత్వాన ఏర్పడిన నేతగాళ్ళ సహకార సంఘం నూలును, అమ్మకాన్ని సమష్టి బాధ్యతగా చేసి ఆ పతనాన్ని కొంతకాలం అడ్డుకున్నది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పెద్దల చేతిలోని పనిని పిల్లల చేతికి అందించగలిగిన ఆ దశాబ్దాలను ఉత్థానం అనడానికి కోట అవసరం లేదు.

నేటి ఆదోని పత్తి మార్కెట్టులో వ్యాపారం సాగుతూనే ఉంది. ఆ చుట్టూ కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు మండలాల పల్లెల నుంచి వానలు తప్పిన ఏడాది కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు, కట్టడపు పనులకు బెంగళూరు వైపు కదులుతాయి. ఇంట్లో ముసలివారు మిగులుతారు, బడి ఈడు పిల్లలు తల్లిదండ్రుల వెంట మూటలతో బండి ఎక్కుతారు. ఉగాది దగ్గర పడే వేళకు కొందరు తిరిగివస్తారు. బడిలో హాజరుపట్టీ అప్పటిదాకా ఆ పేర్ల ఎదుట ఖాళీగా ఉంటుంది.