జీర్ణోద్ధారణము, మనుష్యఋణము

వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి బ్రతుకుతెరువుకై భివండీ చేరి, పద్మనగరమున స్థిరపడి, సాంచెల (మరమగ్గముల) హోరునడుమ తరములు గడపిన పద్మశాలీలు, తాము భావనాఋషి సంతతివారమను స్మృతిని విడువక, ఆ ఋషికి జనకుడైన మార్కండేయునికి అచ్చట ఆలయము కట్టుకొనిరి. దైవము తన బిడ్డలవెంట నడచివచ్చుననుటకు వేఱు నిదర్శన మక్కరలేదు. అట్లు రాగల దైవమునకై, విడిచివచ్చిన పాతరాళ్లను చట్టముచేత కాపాడవలసిన అగత్యమేమి?

ఈ ప్రశ్న భివండీకి దాపుననే ఎదురగును. కల్యాణ్‌కు ఆవల అంబర్‌నాథ్‌లో శకవర్షము 982, అనగా క్రీ.శ. 1060 నాటి శాసనముగల శివాలయమున్నది. శిలాహార రాజైన ముమ్ముని కాలమునాటి యీ గుడికి నేటికిని శివరాత్రినాడు జనము వెల్లువగా వత్తురు. అది పురావస్తుశాఖ రక్షణలోని కట్టడమగుటచే, 1958 నాటి చట్టమును 2010లో సవరించిన పిమ్మట, చుట్టును 100 మీటర్లమేర కొత్తకట్టడము నిషిద్ధము.

జీర్ణోద్ధారణమును గూర్చి ఆగమము వేఱొక మాట చెప్పును. బింబము భిన్నమైనచో దానియందలి దైవకళను కలశములోనికి ఆకర్షించి, బాలాలయమను తాత్కాలికమందిరమున నిలిపి, భిన్నబింబమును జలములో విడిచి, ఆలయమును బాగుచేసి కుంభాభిషేకము జరుపవలెను. ఱాయి దేహము, దేవత దేహి. 1964లో వెనిస్ నగరమున సమావేశమైన సంరక్షణనిపుణులో, ఊహ మొదలైనచోట మరమ్మతు ఆగవలెననియు, కొత్తగా చేర్చిన భాగము పాతదానినుండి వేఱుగా తెలియవలెననియు తీర్మానించిరి. ఈ రెంటికిని పొత్తు కుదరదని పలువు రనుకొందురు. నాకట్లు తోచదు. ఆగమము దేవతను గూర్చి పలుకుచున్నది. ఆ తీర్మానమును, చట్టమును ఱాతిని మలచిన చేతులను గూర్చి.

దేవఋణము, ఋషిఋణము, పితృఋణములతో ఆగక శతపథబ్రాహ్మణము మనుష్యఋణమును నాల్గవదిగా చెప్పినది. అంబర్‌నాథ్ శాసనమున రాజు పేరున్నది. ఆ గోడలపై దేవతలను, అప్సరసలను చెక్కిన శిల్పి పేరు మనకు దక్కలేదు. భివండీలో రేయింబవళ్లు సాంచెయెదుట నిలిచినవానికి ఈ అనామకత్వమును వివరింపనక్కరలేదు: బట్ట దేశమంతట తిరుగును, నేసినవాని పేరు వెంట పోదు. కళను కలశములోనికి దింపు మంత్రము కలదుగాని, ఉలిదెబ్బను కొత్తఱాతిలోనికి దింపు మంత్రము లేదు. అది చెడినచో ఆ మనుజుని చివరి ఆనవాలు పోయినట్లే, మన ఋణము తీరనట్లే.

హనుమకొండలో 1163 నాటి, రుద్రదేవరాజు కట్టించిన వేయిస్తంభాల గుడి కల్యాణమండపమును బాగుచేయుటకై 2006లో విప్పి, 2024 శివరాత్రికి మరల తెరచిరి. అంతటి జాప్యము బాధాకరమే. అయినను సిమెంటుతో శీఘ్రముగా ముగించుటకంటె, పాతఱాతిని దాని నెలవున నిలుపుటకై పట్టిన కాలమును నేను నిందింపలేను.

కనుక అంబర్‌నాథ్ గర్భగృహమున అభిషేకము ఆగరాదు. దానిని అడ్డగించు అధికారి ఆలయధర్మ మెఱుగనివాడు. వెలిగోడల శిల్పములపై నూనె, కుంకుమ, సున్నము పడరాదు. ఈ నిర్బంధమును భక్తులు చట్టమునకు వెఱచి గాక, తమ వ్రతనియమముగానే పాటింపవలెను.